చినిగినవే పంపు

వీధి గది, కిటికీ పక్కన
ఎండలు మొదలైన వారం

అక్కా,

అక్షరాలు చూసి కంగారుపడకు. ఈ గుండ్రటి రాత మీ మరిదిది. నేను చెబుతున్నాను, ఆయన రాస్తున్నారు. డిపోలో రోజంతా బస్సుల రాకపోకలు రాసి ఇంటికొస్తే ఇక్కడ నా కబుర్లు కూడా రాయాల్సి వస్తోందని నిట్టూరుస్తున్నారు. (నిట్టూర్చలేదు వదినగారూ. దగ్గాను.)

కుడి చేతికి కట్టు విప్పేశారు. కుట్లు కూడా తీసేశారు. అరచేతిలో బొటనవేలి మొదలు నుంచి అడ్డంగా ఒక గీత మిగిలింది. పగిలిన గాజు జగ్గు ముక్క ఇంత పని చేస్తుందని ఎవరనుకున్నారు? గాయం మానిందిగానీ బొటనవేలూ చూపుడువేలూ నావి కానట్టు ఉన్నాయి. వంగమంటే కాసేపు ఆలోచించుకుని వంగుతాయి. కొసల్లో తిమ్మిరి తప్ప ఇంకేమీ తెలియడం లేదు. రోజూ ఆ రెండు వేళ్ళకీ సన్నటి పని చెబుతూ ఉండాలట, లేకపోతే బిగుసుకుపోయి అలాగే ఉండిపోతాయట. ఆస్పత్రి డాక్టరు ఒక రబ్బరు బంతీ, ఒక గిన్నెడు పూసలూ ఇచ్చాడు. బంతి నొక్కాలి. పూసలు ఒక్కొక్కటే ఏరి పక్క గిన్నెలో వెయ్యాలి, అయిపోయాక మళ్ళీ ఈ గిన్నెలోకి ఏరాలి. ఎవరికి లాభం చెప్పు? పెళ్ళికి ముందు నుంచీ కట్టుడు పళ్ళు చేస్తున్న చెయ్యి ఇది. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళు సగంమంది నా పళ్ళతోనే నవ్వుతున్నారు. నన్ను పట్టుకుని పూసలు ఏరుకోమంటాడా? బంతి కిటికీలోంచి విసిరేశాను. (ఎదురింటివాళ్ళు తెచ్చి ఇచ్చారు. మళ్ళీ విసిరింది.)

అసలు సంగతి చెబుతాను. పళ్ళ డాక్టరమ్మ వచ్చి చూసి వెళ్ళింది. వెనక గదిలో నా ఎత్తు కుర్చీలో ప్రస్తుతానికి వేరే ఊరి నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంటోందట. పని శుభ్రంగానే చేస్తుందట. "వానలు వెలిసేదాకా చూస్తాను. ఆ తర్వాత ఆవిడకి ఉండమనో వెళ్ళమనో చెప్పాలి కదా" అంది డాక్టరమ్మ. మంచి మనిషి, నా కళ్ళలోకి చూసే చెప్పింది. వానలు వెలిసేలోగా ఈ వేళ్ళు మెత్తటి మైనంలో పన్ను నిలబెట్టగలగాలి. లేకపోతే ఆ కుర్చీ నాది కాదు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తానో నాకే తెలియదు. నీలా ఇల్లు దిద్దుకోవడం నాకు చేతకాదు, నీకు తెలుసు.

బావగారిని అడిగానని చెప్పు.

నీ బుల్లి

* * *

వంటింటి బల్ల దగ్గర
మంగళవారం, మధ్యాహ్నం పని అయ్యాక

బుల్లీ,

ఉత్తరం అందింది. మరిదిగారి రాత చక్కగా ఉంది. నీ రాత కంటే తొందరగా అర్థమైంది.

బంతి సంగతి చదివాను. దాని గురించి నేనేమీ అనను. నీతో వాదించి గెలిచినవాళ్ళు మన ఇంట్లో ఎవరూ లేరు, ఈ వయసులో నేను కొత్తగా మొదలుపెట్టను.

నా సంగతి విను. నాకో పిచ్చి పట్టుకుంది. స్టాంపులు పోగుచేస్తున్నాను. మీ బావ పనిచేసే విత్తనాల కంపెనీకి దేశదేశాల నుంచీ ఉత్తరాలు వస్తాయి కదా. ఖాళీ కవర్లన్నీ సంచుల్లో కుక్కి చిత్తుకాగితాలవాడికి వేసేస్తున్నారట. ఒకరోజు మీ బావ జేబులోంచి ఒక కవరు కింద పడింది. దాని మీద పొడుగు తోక పక్షి. ఈక ఈకకీ ఒక రంగు. అంత బొమ్మని చెత్తలో వేస్తారా అని నాకు మనసొప్పలేదు. ఇప్పుడు ఆ సంచులు మన ఇంటికి వస్తున్నాయి. పక్షులు, ఓడలు, పువ్వులు, మీసాల రాజులు.

చిక్కల్లా వాటిని కవరు నుంచి ఊడదీయడంలోనే ఉంది. నాకు తీరిక లేదు. పైగా ఆ జిగురు నీళ్ళకి నా వేళ్ళు పగులుతున్నాయి. నువ్వెలాగూ ఖాళీగా ఉన్నావు కాబట్టి ఒక సంచి పంపుతున్నాను. కాదనకు.

మీ బావ ఆఫీసులో ఈ సరదా ఉన్న పెద్దాయన ఒకరున్నారు, ఆయన్ని అడిగి పద్ధతి తెలుసుకున్నాను. కవరుని స్టాంపు చుట్టూ వేలెడు జాగా వదిలి కత్తిరించు. అంచు దాకా కత్తిరిస్తే చుట్టూ ఉన్న పళ్ళు తెగుతాయి, పళ్ళ విలువ నీకు నేను చెప్పక్కర్లేదు. వెడల్పాటి పళ్ళెంలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, బొమ్మ పైకి ఉండేలా ముక్కల్ని తేలనియ్యి. వేడి నీళ్ళు వద్దు, రంగు పోతుంది. ఎర్ర కవర్ల మీదివి మాత్రం వేరే పళ్ళెంలో వెయ్యి, ఆ కవరు రంగు దిగి మిగతావాటికి అంటుకుంటుంది. జిగురు కరిగేదాకా ఆగు, మధ్యలో లాగకు. నానాక ముక్కని బోర్లించి, చిన్న పట్టకారుతో మూల పట్టుకుని స్టాంపు మీంచి కాగితాన్ని ఒలుచు. కాగితం మీంచి స్టాంపుని కాదు. వంగేది కాగితం కావాలి, స్టాంపు కదలకూడదు. తర్వాత మంచినీళ్ళలో ఒకసారి ఆడించి, అద్దుడు కాగితం మీద బోర్లా ఆరబెట్టు. మర్నాడు లావుపాటి పుస్తకంలో పెట్టి అదుము.

చినిగినవి కూడా పారేయకుండా పంపు. పంపినవెన్నో వచ్చినవెన్నో నాకు సరిపోవాలి.

అక్క

* * *

వీధి గది, కిటికీ పక్కన
ఎండలు ముదిరాయి

అక్కా,

అంట్లు తోమితే పగలని వేళ్ళు స్టాంపులు తీస్తే పగులుతాయా? సరేలే. అడగను.

సంచి చూసి మీ మరిది గడపలోనే నిలబడిపోయారు. "మీ అక్క చెత్త పంపిందే" అన్నారు. "చెత్త కాదు, కళ" అన్నాను. (చెత్త అని నేననలేదు. "మీ అక్కగారు ఏదో పంపారు" అన్నాను.)

నువ్వు చెప్పినట్టే చేశాను. చేశానని చెప్పగలను, అయిందని చెప్పలేను. కత్తెరే ముందు మొండికేసింది. బొటనవేలు రింగులో దూరుతుందిగానీ లోపలికెళ్ళాక ఏం చెయ్యాలో మర్చిపోతుంది. మొత్తానికి కత్తిరించి నీళ్ళలో వేశాను. తేలుతుంటే బాగున్నాయి. పళ్ళెంలో చిన్న రేవు ఉన్నట్టు, ఓడలన్నీ ఒక పక్కకి చేరాయి. ఒలిచేటప్పుడే ఇబ్బంది. పట్టకారు వేళ్ళ మధ్య ఉందనుకుంటాను, చూస్తే నేల మీద ఉంటుంది. లేదంటే మరీ గట్టిగా నొక్కేస్తాను. రాజుగారి మీసం ఒక పక్కే వచ్చింది, రెండో పక్క కవరుకే ఉండిపోయింది.

ఆరబెట్టడానికి చోటు చాలక కుర్చీల మీద కూడా పరిచాను. మీ మరిది చూసుకోకుండా ఒక దాని మీద కూర్చుని, అలాగే లేచి డిపోకి వెళ్ళిపోయారు. (నిజమే వదినగారూ. "సార్, మిమ్మల్ని ఏ ఊరికి పోస్టు చేస్తున్నారు?" అని డ్రైవరు అడిగాడు. అందరూ విన్నారు.)

బాగున్నవీ, చినిగినవీ అన్నీ పంపుతున్నాను. చూసి నవ్వకు.

బుల్లి

* * *

వంటింటి బల్ల దగ్గర
శుక్రవారం

బుల్లీ,

కట్ట చేరింది. నవ్వలేదు. బల్ల మీద గుడ్డ పరిచి అన్నీ విడదీశాను.

మూడో వంతు పాడయ్యాయి. నీలం ఓడలు దాదాపు అన్నీ తెరచాప దగ్గరే చినిగాయి, అంటే నువ్వు నానడానికి ఆగకుండా పైనుంచి లాగుతున్నావు. నాలుగు తెల్ల కొంగలు గులాబీ రంగుకి తిరిగాయి, ఎర్ర కవర్లు వేరే పళ్ళెంలో వెయ్యమని చెప్పాను కదే. గులాబీ కొంగలు చూడ్డానికి బాగానే ఉన్నాయిగానీ అలాంటి పక్షి ఏ దేశంలోనూ ఉండదని పెద్దాయన అన్నాడు.

ఇకనుంచి ప్రతి కట్టకీ ఎన్ని బాగా వచ్చాయో, ఎన్ని పోయాయో, ఎందుకు పోయాయో చీటీ రాసి పంపుతాను. మొదటి చీటీ ఇందులో ఉంది. కట్ట కట్టకీ ఎంత మెరుగవుతోందో కనిపిస్తే నీకే ఉత్సాహంగా ఉంటుంది. నేను ఇంట్లో సబ్బు ఖర్చు అలాగే తగ్గించాను.

రెండో సంచి పంపుతున్నాను. ఇందులో కాగితం కాస్త మందం, జాగ్రత్త. నష్టం తగ్గాలి.

వేళ్ళు ఎలా ఉన్నాయి? ఆస్పత్రికి వెళ్ళావా?

అక్క

* * *

వీధి గది
మబ్బులు పట్టిన రోజు

అక్కా,

నాలుగో కట్ట పంపుతున్నాను. విప్పి చూడు. చినిగినవి వెతుక్కోవాలి నువ్వు. గులాబీ కొంగ ఒక్కటి కూడా లేదు.

ఇప్పుడు పని తొందరగా సాగుతోంది. పొద్దున్నే పళ్ళేలు పెట్టుకుని కూర్చుంటే మీ మరిది డిపోకి బయల్దేరేసరికి ఒక వాయి అయిపోతోంది. ఎదురింటావిడ చూడ్డానికి వచ్చి, "ఏమ్మా, వీటిని మళ్ళీ అంటించి వాడతారా?" అని మెల్లగా అడిగింది. పోలీసులు వస్తారేమోనని ఆవిడ భయం.

డాక్టరు ఏమన్నాడని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. బాగానే ఉందన్నాడు. (ఇక్కడ నేనొక మాట రాయబోయాను. కలం లాక్కుంది. చాలా చురుగ్గా లాక్కుంది.) ఆయన మాటలు పట్టించుకోకు.

పళ్ళ డాక్టరమ్మ దారిలో కనిపించింది. కొత్తావిడ ఇల్లు అద్దెకి వెతుకుతోందట. నేనేమీ అడగలేదు, ఆవిడే చెప్పింది.

బుల్లి

* * *

వంటింటి బల్ల దగ్గర
ఆదివారం

బుల్లీ,

ఎంత సంతోషంగా ఉందో రాయలేను. చీటీ చూడు, పాడైనవి అన్న చోట దాదాపు ఏమీ రాయాల్సిన పని లేకపోయింది. మీ బావకి చూపిస్తే, "మీ చెల్లెలు ఇక రాజు కిరీటంలో రాళ్ళు కూడా పొదుగుతుంది" అన్నారు.

ఇంకో సంగతి చెబితే నవ్వుతావు. పొడుగు తోక పక్షుల వరసలో ఒక్క పక్షి దొరకడం లేదు. ఆకుపచ్చది. సంచులన్నీ తిరగేశాను. నిన్న మీ బావ ఆఫీసుకి వెళ్తుంటే ఆకుపచ్చ పక్షి లేకుండా ఇంటికి రావద్దని చెప్పాను. ఆయన నా వంక అదోలా చూశారు.

ఇకనుంచి స్టాంపుల్ని ఆల్బమ్‌లో పెట్టడం మొదలుపెడతాను.

అక్క

* * *

వంటింటి బల్ల దగ్గర
బుధవారం

బుల్లీ,

నీ ఉత్తరం కోసం ఆగకుండా రాస్తున్నాను.

ఆల్బమ్‌లో పెట్టాలంటే స్టాంపు వెనక చిన్న మడత కాగితం అంటించాలి. అందుకని నువ్వు పంపినవన్నీ కట్టల వారీగా బల్ల మీద బోర్లించాను. వెనకవైపు చూడటం అదే మొదటిసారి. మంచినీళ్ళలో ఆడించేటప్పుడు పట్టకారుతో పట్టుకున్న చోట ప్రతి స్టాంపుకీ సన్నటి నొక్కు ఉంది. మొదటి కట్టలో ఆ నొక్కు కుడి మూలన ఉంది. రెండో కట్టలో సగం కుడి మూలన, సగం ఎడమ మూలన. ఆ తర్వాత కట్టలన్నిట్లోనూ ఎడమ మూలనే.

నేను పొరబడ్డానేమోనని ఒక పళ్ళెం పెట్టుకుని కుడి చేత్తో కొన్ని, ఎడమ చేత్తో కొన్ని తీసి చూశాను. ఎడమ చేత్తో తీసినవాటికి ఎడమ మూలనే నొక్కు పడింది.

నువ్వు ఎడమ చేత్తో తీస్తున్నావు కదూ? ఇన్ని వారాలూ నీ కుడి వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు కదూ? డాక్టరు నిజంగా ఏమన్నాడు?

నాకు స్టాంపులు ఎందుకే? కొట్లో కొనుక్కుంటే దొరకవా? బంతి విసిరేశావు, పూసలు వద్దన్నావు. నీ వేళ్ళకి ఏదో ఒక పని చెప్పాలని మీ బావ ఆఫీసంతా తిరిగి అడుక్కుని సంచులు తెప్పించాను. జిగురుకి నా వేళ్ళు పగలడం అబద్ధం. ఇక దాచను.

మబ్బులు పట్టాయని రాశావు. వానలు ఎంతో దూరం లేవు.

అక్క

* * *

వీధి గది
మొదటి వాన పడ్డ రోజు

అక్కా,

నీకు స్టాంపుల పిచ్చంటే నేను నమ్మాననుకున్నావా? అగ్గిపెట్టెలో పుల్లలు కూడా లెక్కపెట్టే మనిషివి, పనికిరాని కాగితాలకి సంచులు మోయిస్తున్నావంటే మొదటి రోజే తెలిసింది. మీ మరిదితో అన్నాను కూడా, "బంతికి స్టాంపు అంటించి పంపింది మా అక్క" అని. (అంది.) నీ మాట కాదనలేక కూర్చున్నాను. నువ్వు నన్ను ఆడించావని కోపం లేదు.

కోపం నీ చీటీల మీద.

మొదటి చీటీ వచ్చిన రోజు దాన్ని అద్దం పక్కన పెట్టుకున్నాను. పాడైనవి: ఇన్ని. కారణం: తొందర. తొందర కాదక్కా. పట్టకారు వేళ్ళ మధ్య ఉందో లేదో నాకు తెలియదు. కింద పడి చప్పుడైతే తెలుస్తుంది. నా పనిలో రవ్వంత తేడా వస్తే మనిషికి దవడ నొప్పి పుడుతుంది. ఆ చెయ్యి ఒక కాగితం ముక్కని చింపేస్తుంటే, చింపినవన్నీ మా అక్క ఓపిగ్గా లెక్కపెట్టి రాసి పంపుతుంటే, నాకెలా ఉంటుంది? ఒక్కో చినిగిన స్టాంపూ ఆ కుర్చీకి ఒక్కో కోడు ఊడినట్టే ఉండేది. రెండో సంచి సగంలో పట్టకారు ఎడమ చేతికి మార్చాను. కొన్నాళ్ళకి అది నేర్చుకుంది. నీ చీటీలో అంకె తగ్గింది. నువ్వు సంతోషించావు. ఇక ఎలా చెప్పను?

డాక్టరు ఏమన్నాడో అడిగావుగా. చూపుడువేలు బిగుసుకుంటోందన్నాడు. ఏం చేస్తున్నావమ్మా ఇన్నాళ్ళూ అన్నాడు. స్టాంపులు తీస్తున్నానని చెప్పాను. ఏ చేత్తోనో అడగలేదు. (నేను చెప్పబోయాను. కాలు తొక్కింది.)

సంచులు పంపకు. నాకు చాలు.

బుల్లి

* * *

వంటింటి బల్ల దగ్గర
సోమవారం

బుల్లీ,

రెండు రోజులు నీ ఉత్తరం బల్ల మీదే పెట్టుకుని తిరిగాను. సబ్బు ఖర్చు తగ్గించినట్టు నీ నష్టం తగ్గిద్దామనుకున్నాను. సబ్బుకి నొప్పి ఉండదు. ఆ తేడా నాకు తట్టలేదు.

చీటీలు ఆపేశాను. కానీ సంచి పంపుతున్నాను. విప్పి చూస్తే నీకే అర్థమవుతుంది. ఇందులో పక్షులు లేవు, ఓడలు లేవు. అన్నీ మీసాల రాజుగారే. ఒకే రంగు, ఒకే బొమ్మ. ఆ దేశంలో మామూలు ఉత్తరాలన్నిటికీ ఈయన్నే అంటిస్తారట. పెద్దాయన దగ్గర డబ్బాలకొద్దీ పడి ఉంటే, దండుగని పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. నువ్వు ఎన్ని చింపినా ఈయన తరగడు, ఎవరికీ కొరత రాదు.

ఈసారి నాకు చినిగినవే కావాలి. కుడి చేత్తో చింపినవి. ముక్కలైనా సరే, మీసం ఒకచోట ముక్కు ఒకచోట ఉన్నా సరే, చినిగినవే పంపు. ఎడమ చేత్తో తీసిన మంచిది ఒక్కటి కలిపినా తిప్పి పంపేస్తాను. ఎలా కనుక్కుంటానో నీకు తెలుసు. వచ్చినవి లెక్కపెట్టను. గాజు సీసాలో వేసి కిటికీలో పెడతాను.

పట్టకారు పడిపోతే పడనివ్వు. తియ్యి, మళ్ళీ పట్టుకో. పని ఎంతసేపు పడుతుందని అడిగేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు.

మరిదిగారూ, మీరు కూర్చున్నవి చినిగినవాటి కిందకి రావు. వేరే కవర్లో పంపండి.

అక్క

* * *

వీధి గది
ఎడతెరిపి లేని వాన

అక్కా,

సీసా నిండిందా? ఇంత నిర్దయగా ఒక రాజుని ఎవరూ చింపి ఉండరు. మొదటి వారం చెవులు, మెడలు, ముక్కలు ముక్కలు. మీ మరిది చీపురు పట్టుకుని, "మహారాజుగారు ఇంకా మంచం కింద కూడా ఉన్నారు" అంటూ తిరిగారు. (ఉన్నారు. బీరువా కింద కూడా.)

చింపడమే పని అనుకున్నాక భయం పోయింది. భయం పోయాక చెయ్యి కాస్త మాట వినడం మొదలుపెట్టింది. ఇప్పుడు మీసాలు రెండూ ఒకే ముక్కలో వస్తున్నాయి. మొన్న ఒకాయన పూర్తిగా వచ్చేశాడు. అలవాటుకొద్దీ నీకు పంపబోయి, చినిగినవే కావాలన్నావు కదా అని మూల చింపి పంపుతున్నాను.

ఇంకొకటి చెప్పాలి. నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయో ఎప్పుడూ ఎడమ చేత్తో ముట్టుకుని చూస్తాను. ఇవాళ పొద్దున పరధ్యానంగా కుడి చెయ్యి పెట్టాను. చూపుడువేలికి తెలిసింది. నీళ్ళు కొంచెం వేడెక్కువగా ఉన్నాయని, చల్లనీళ్ళు కలపాలని తెలిసింది. కలిపాక సరిపోయిందని కూడా తెలిసింది. పళ్ళెం ముందు అలాగే వేలు ముంచి కూర్చున్నాను. స్టాంపులు నాని, విడిపోయి, వాటంతట అవే తేలాయి. ఆయన వచ్చి అడిగేదాకా లేవలేదు.

బొటనవేలికి ఇంకా తెలియడం లేదు. చూపుడువేలు పూర్తిగా వంగదు. ఇక ఎప్పటికీ వంగదేమో కూడా.

బుల్లి

* * *

వంటింటి బల్ల దగ్గర
అదే వారం

బుల్లీ,

నీళ్ళ మాట చదివి పని వదిలేసి వెళ్ళి మీ బావకి వినిపించాను. "గోరువెచ్చటి నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయట. అందులో వింతేముంది?" అన్నారు. ఆ సాయంత్రం ఆయనకి కాఫీ పూర్తిగా చల్లారబెట్టి ఇచ్చాను. తేడా తెలిసిందో లేదో, చివరిదాకా తాగారు.

మూల కావాలని చింపిన రాజుగారిని మాత్రం సీసాలో వెయ్యలేదు. నా దగ్గరే ఉంచుకున్నాను.

ఎడమ చెయ్యి నేర్చుకున్న పనిని కూడా మాననివ్వకు. ఇక నొక్కులు ఏ పక్కన ఉన్నాయో చూడను. రెండు చేతులూ ఉన్న మనిషివి, ఏది ఎప్పుడు వాడాలో నీకే తెలుస్తుంది.

ఇక్కడ వాన తగ్గుముఖం పట్టింది. అక్కడ?

అక్క

* * *

వీధి గది
ఎండ వచ్చింది

అక్కా,

వానలు వెలిశాయి. డాక్టరమ్మ పిలిపించకముందే నేనే వెళ్ళాను.

వెనక గదిలో నా కుర్చీ ఖాళీగా ఉంది. కొత్తావిడ కిటికీ దగ్గర నిలబడి, నోటి కొలతలకి పోసిన సున్నపు అచ్చులు ఆరబెడుతోంది. నన్ను చూసి, "మీ గురించి రోజూ వింటున్నాను" అంది. ఏం విన్నదో అడగలేదు. డాక్టరమ్మ డొంకతిరుగుడు మాటలు మాట్లాడలేదు. ఒక అచ్చు నా ముందు పెట్టి, "పై వరస. వేలంపాటలు వేసే ఆయనది. ఇదివరకు ఎక్కడో చేయించుకున్న సెట్టుతో 'స' అన్నప్పుడల్లా ఈల వస్తోందట, జనం నవ్వుతున్నారట. ఎల్లుండి వస్తాడు. మైనంలో నిలబెట్టు, నోట్లో పెట్టి చూద్దాం" అంది.

ముందు కుడి చేత్తో మొదలుపెట్టాను. మొదటి పన్ను పక్కకి ఒరిగింది. రెండోది జారి కింద పడింది. కొత్తావిడ వంగి తీసి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అప్పుడు చేతులు మార్చాను. పన్ను పట్టుకున్న పట్టకారు ఎడమ చేతిలో. కుడి చూపుడువేలు మైనం మీద. మైనం ఎప్పుడు మెత్తబడిందో, ఎప్పుడు గట్టిపడుతోందో ఆ వేలు చెబుతూ ఉంటే, ఎడమ చెయ్యి పన్ను నిలబెట్టింది. బొటనవేలు ఊరికే అచ్చుని పట్టుకుంది. అది చాలు దానికి. ఇదివరకు ఒక పూటలో అయ్యే పనికి రెండు రోజులు పట్టింది. వరస మాత్రం వంకర లేకుండా వచ్చింది. డాక్టరమ్మ భూతద్దం పెట్టి వరసంతా చూసింది. "ఆయన రానీ" అంది.

ఆయన వచ్చాడు. గట్టి మనిషి, గొంతు ఇంకా గట్టిది. మైనం వరస నోట్లో పెట్టి, "కొరక్కండి, మాట్లాడండి చాలు" అంది డాక్టరమ్మ.

"ఏం మాట్లాడను?" అన్నాడాయన.

"మీరు రోజూ మాట్లాడేదే."

ఆయన గదిలో నాలుగు వైపులా చూశాడు. అమ్మడానికి ఇంకేమీ కనిపించలేదో ఏమో, నా కుర్చీ మీద చెయ్యి వేశాడు. "ఇదిగో బాబూ, ఎత్తు కుర్చీ! గట్టి కర్ర, గుండ్రంగా తిరుగుతుంది, కొంచెం కిర్రుమంటుంది. వయసొచ్చిన కుర్చీ కదా, ఆ మాత్రం గొణుగుడు ఉంటుంది. ఎవరండీ పాట పాడేది? ఒకటోసారి!"

ఈల రాలేదు. ఆయనకే ఆశ్చర్యమేసింది. తర్వాత గొంతు పెంచాడు.

"రెండోసారి!"

శుభ్రంగా పలికింది. ముందు గదిలో వేచి ఉన్నవాళ్ళు తలుపు దగ్గరికి వచ్చి చూస్తున్నారు. నాకు మాత్రం చెవులు గింగురుమన్నాయి. ఎవరైనా నిజంగానే పాడేస్తారేమోనని భయం వేసిందక్కా. నవ్వకు.

మూడోసారి అనడానికి ఆయన నోరు తెరవగానే డాక్టరమ్మ వచ్చి కుర్చీని ఆయన చేతి కింద నుంచి లాగి నా వైపు తిప్పింది. "ఇది పాటలో లేదండీ, కూర్చునే మనిషి ఉంది" అంది. తర్వాత నాతో, "కూర్చో. ఆయనకి కింది వరస కూడా చెయ్యాలి. ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు చెయ్యి" అంది. కొత్తావిడ అచ్చుల బల్లకి మారుతుందట. ఆ సున్నం పని నాకెప్పుడూ పడదు, ఆవిడకి అదే ఇష్టమట.

నేను కూర్చున్నాను. కుర్చీ కిర్రుమంది. వేలంపాటాయన దగ్గర సుత్తి లేదు. అరచేత్తో నా బల్ల మీద ఒక్కటి కొట్టి, గది అంతా వినేలా అన్నాడు:

"ఖాయం!"

నీ బుల్లి